రోహిత్ 264 వెనక ఒక గొడవ ఉంది | ప్లేయర్లు ఆట ఆపేస్తే ఎవరికి నష్టం?

వీడియో చూసే డేటా లేనోళ్ళ కోసం ఎపిసోడ్ మొత్తం ఇక్కడ టెక్స్ట్‌గా పెడుతున్నాం. బస్సులో కూర్చుని నిదానంగా చదువుకోండి.

ఒక క్వశ్చన్‌తో మొదలుపెడదాం. 2014 నవంబర్ 13, కోల్‌కతా ఈడెన్ గార్డెన్స్. రోహిత్ శర్మ 173 బంతుల్లో 264 కొట్టాడు. 33 ఫోర్లు, 9 సిక్సులు. అవతల టీం మొత్తం కలిసి కొట్టింది 251. అంటే ఒక్క మనిషి కంటే 13 రన్స్ తక్కువ. ఈ స్కోరు తెలీని క్రికెట్ పిచ్చోడు ఉండడు. కానీ అవతలి టీం శ్రీలంక కదా, అసలు ఆ నెలలో శ్రీలంక ఇండియాలో ఏం చేస్తోంది?

షెడ్యూల్ ప్రకారం వాళ్ళు ఇక్కడ ఉండకూడదు. ఆ టైంకి ఇక్కడ ఉండాల్సింది వెస్టిండీస్. ఐదు వన్డేలు, ఒక టీ20, మూడు టెస్టులు, మొత్తం తొమ్మిది మ్యాచ్‌ల టూరు. ఫస్ట్ టెస్ట్ మన హైదరాబాద్‌లోనే. మూడో వన్డే మన వైజాగ్‌లో. ఈ తొమ్మిదిలో జరిగినవి ఎన్నో తెలుసా? మూడు.

ఒకటి తుఫాను తీసుకెళ్ళింది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వైజాగ్ మీద పడింది. 14న మ్యాచ్ పెట్టుకున్న ఊళ్ళో కరెంటు లేదు, నీళ్ళు లేవు. దాని గురించి మన నెల్లూరు కోస్తా వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. మిగతా ఐదు మ్యాచ్‌లు మాత్రం వానకి పోలేదు. జీతం గొడవకి పోయాయి. ఈ రోజు టాపిక్ అదే.

మీలో సగం మంది మనసులో ఇప్పుడే ఒక మాట వచ్చుంటుంది. "కోట్లు సంపాదించే వాళ్ళకి సమ్మె ఏందన్నా?" అని. ఆ మాటని పక్కన పెట్టుకోండి, చివర్లో మళ్ళీ చూద్దాం.

ముందు 2014లో ఏం జరిగిందో చూద్దాం. టూరు మొదలయ్యే ముందే వెస్టిండీస్ బోర్డుకి, ప్లేయర్ల అసోసియేషన్‌కి మధ్య కొత్త ఒప్పందం అయింది. సంతకం పెట్టింది అసోసియేషన్ ప్రెసిడెంట్ వేవెల్ హైండ్స్. పాత ప్లేయరే. ఒప్పందం వివరాలు ప్లేయర్లకి పూర్తిగా తెలిసేసరికి వాళ్ళు ఇండియా వచ్చేశారు. లెక్క వేసుకుంటే చేతికి వచ్చేది బాగా తగ్గిపోతోంది. కొంతమందికి 75 శాతం దాకా కోత అని ప్లేయర్లు వాదించారు.

డబ్బు ఎక్కడికి పోయింది మరి? ఎవరైనా తినేశారా? కాదు, ఇంట్రెస్టింగ్ పార్ట్ ఇదే. అంతకుముందు ఇంటర్నేషనల్ టీంకి ఆడే ప్రతి రోజుకి 35,000 డాలర్లు స్పాన్సర్‌షిప్ కింద వచ్చేది. టీంలో ఉన్నవాళ్ళు పంచుకునేవాళ్ళు. కొత్త ఒప్పందంలో ఆ డబ్బుని దేశవాళీ క్రికెట్‌కి మళ్ళించారు. ఆరు టీములు, టీంకి 15 మంది, మొత్తం 90 మంది కుర్రాళ్ళకి ఏడాది పొడవునా కాంట్రాక్టు. అప్పటిదాకా వాళ్ళకి అలాంటి భద్రత లేదు.

ఇప్పుడు చెప్పండి, తప్పెవరిది? 90 మందికి జీతం ఇవ్వడం తప్పా? కాదు. మరి మైదానంలో ఆడి ఆ డబ్బు తెచ్చేవాళ్ళని అడక్కుండా వాళ్ళ వాటా మార్చేయడం కరెక్టా? అదీ కాదు. కెప్టెన్ డ్వేన్ బ్రావో రాసిన లెటర్ల సారాంశం కూడా ఇదే. మా తరఫున మాట్లాడాల్సిన మనిషి మమ్మల్ని అడక్కుండా సంతకం పెట్టాడు, ఇక మా తరఫున మాట్లాడొద్దు అని.

అక్టోబర్ 8, కొచ్చి. మ్యాచ్ జరుగుతుందా లేదా అని చివరిదాకా డౌటే. ఆడారు, 124 పరుగుల తేడాతో గెలిచారు కూడా. తర్వాత ఢిల్లీలో ఓడిపోయారు. అక్టోబర్ 17, ధర్మశాల. టాస్‌కి బ్రావో ఒక్కడే రాలేదు. టీం టీం అంతా వచ్చి వెనక నిలబడింది. ఆ మ్యాచ్‌లో మార్లన్ శామ్యూల్స్ సెంచరీ కొట్టాడు, మన కోహ్లీ 127 కొట్టాడు. మ్యాచ్ అయ్యాక వెస్టిండీస్ బ్యాగులు సర్దుకుని ఇంటికెళ్ళిపోయింది. హైదరాబాద్ టెస్ట్, బెంగుళూరు టెస్ట్, అహ్మదాబాద్ టెస్ట్, అన్నీ గోవింద.

మన బోర్డు గబగబా శ్రీలంకని పిలిచి ఐదు వన్డేలు పెట్టింది. హైదరాబాద్‌కి టెస్టు బదులు నవంబర్ 9న ఒక వన్డే దక్కింది. నాలుగో వన్డేలో రోహిత్ 264. ఇంకోపక్క వెస్టిండీస్ బోర్డు మీద సుమారు 4 కోట్ల 20 లక్షల డాలర్లు నష్టపరిహారం కట్టమని క్లెయిమ్ వేసింది. ఆ బోర్డు దగ్గర అంత డబ్బు ఎక్కడిది?

ఇక్కడ ఒక్క నిమిషం మన ఊరికి వచ్చేద్దాం. ఇప్పటిదాకా చెప్పిన గొడవ మొత్తం మన పట్టపుపాళెంలో చిన్న పిల్లోడికి కూడా అర్థమవుతుంది. ఎందుకంటే మన దగ్గర బోటు మీద వేటకి వెళ్ళేవాళ్ళకి నెల జీతం ఉండదు, వాటా ఉంటుంది. చేపలమ్మిన డబ్బులో ముందు డీజిల్, ఐసు ఖర్చు తీసేస్తారు. మిగిలింది వాటాలు వేస్తారు. బోటుకి ఇంత, వలకి ఇంత, మనుషులకి ఇంత. ఎవరికెంత అనేది ఊరిని బట్టి, బోటుని బట్టి మారుతుంది. కానీ ఒక రూలు మాత్రం మారదు. వాటా లెక్క ఒడ్డున తేల్చుకుని ఎక్కాలి. సముద్రం మధ్యలోకి తీసుకెళ్ళాక "రేపట్నుంచి నీ వాటా సగం" అంటే ఎవడైనా ఏం చేస్తాడు? బోటు వెనక్కి తిప్పమంటాడు. బ్రావో చేసింది అదే.

ఈ వాటా గొడవని ప్రపంచంలో అందరికంటే పెద్ద స్థాయిలో ఆడిన ఆట ఒకటుంది. అమెరికన్ ఫుట్‌బాల్. మెస్సీ ఆడేది కాదు. హెల్మెట్లు పెట్టుకుని, కోడిగుడ్డు లాంటి బంతి పట్టుకుని గుద్దుకుంటూ పరిగెత్తేది. వర్జీనియాలో ఆష్‌బర్న్ అని ఒక ఊరు ఉంది. మన తెలుగు సాఫ్ట్‌వేర్ వాళ్ళు చాలామంది ఉంటారు. మీ ఇంట్లో ఎవరో ఒకరు అటువైపు ఉండే ఉంటారు. వాషింగ్టన్ కమాండర్స్ అనే టీం హెడ్డాఫీసు, ప్రాక్టీసు గ్రౌండు ఇప్పుడు ఆ ఊళ్ళోనే. ఆ టీం అప్పట్లో వేరే పేరుతో ఉండేది. సమ్మె వల్ల చిన్నదైపోయిన రెండు సీజన్లలోనూ కప్పు కొట్టింది ఆ టీమే. రెండు కథలూ చెబుతా.

ఫస్ట్ స్టోరీ, 1982. టీవీ ఛానళ్ళ నుంచి లీగ్‌కి ఐదేళ్ళకి రెండు వందల కోట్ల డాలర్ల పైన కాంట్రాక్టు వచ్చింది. ప్లేయర్ల యూనియన్ లీడర్ ఎడ్ గార్వీ ఒకటే అడిగాడు. మొత్తం ఆదాయంలో 55 శాతం ప్లేయర్లకి కావాలి. ఒక్కొక్కడి జీతం పెంచమని అడగలేదు, వాటా అడిగాడు చూడండి. మన బోటు లెక్కే. ఓనర్లు కుదరదన్నారు. సెప్టెంబర్ 21న సమ్మె మొదలైంది. 57 రోజులు.

57 రోజులంటే మనకి బాగా తెలిసిన లెక్క. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మన దగ్గర వేట నిషేధం. ఆ రెండు నెలలు ఇల్లు ఎలా నడుస్తుంది? ఎవరి దగ్గర అప్పు తెస్తారు? ఏ వస్తువు తాకట్టుకి పోతుంది? మన ఇళ్ళలో చూసిందే. మనకి గవర్నమెంటు భృతి అయినా కొంత వస్తుంది, చేపలు గుడ్లు పెట్టే టైం అనే కారణం కూడా ఉంది. సమ్మె చేసేవాడికి జీతం రాదు, ఎప్పుడు అయిపోతుందో డేటు ఉండదు. స్టార్ ప్లేయర్ తట్టుకుంటాడు. మోకాలు పోతే రేపు టీంలో ఉంటాడో లేదో తెలీని మామూలు ప్లేయర్ తట్టుకోలేడు. సమ్మె విరిగేది ఎప్పుడూ అక్కడే.

నవంబర్ 16న సెటిలైంది. కనీస జీతాలు కొంచెం పెరిగాయి, మానేసి పోయేటప్పుడు ఇచ్చే డబ్బు కొంత వచ్చింది. 55 శాతం మాత్రం రాలేదు. 16 మ్యాచ్‌ల సీజన్ 9 మ్యాచ్‌లకి కుదించారు. ఆ తొమ్మిదిలో వాషింగ్టన్ ఎనిమిది గెలిచి, 1983 జనవరి 30న మయామీ మీద 27-17తో సూపర్ బౌల్ కొట్టింది. విచిత్రం ఏందంటే, ఆ ఏడాది లీగ్ మొత్తంలో బెస్ట్ ప్లేయర్ అవార్డు వాషింగ్టన్ కిక్కర్ మార్క్ మోస్లీకి వచ్చింది. కిక్కర్ అంటే మ్యాచ్‌లో కాసేపు వచ్చి బంతి తన్ని వెళ్ళిపోయేవాడు. ఆ పొజిషన్‌కి ఆ అవార్డు రావడం చరిత్రలో అదొక్కసారే. పొట్టి సీజన్‌లో ఇలాంటివి జరుగుతాయి.

రెండో స్టోరీ, 1987. ఇదే అసలు కథ. ఈసారి ప్లేయర్లు అడిగింది ఫ్రీడం. కాంట్రాక్టు అయిపోయాక నాకు నచ్చిన టీంకి వెళ్ళే హక్కు కావాలి అని. మీరు కంపెనీ మారినట్టు వాళ్ళు టీం మారలేకపోయేవాళ్ళు. నోటీస్ పీరియడ్ అయిపోయినా పాత కంపెనీ వదలకపోతే ఎలా ఉంటుందో ఊహించుకోండి, అదీ పరిస్థితి. రెండు వారాల ఆట అయ్యాక సమ్మె.

1982లో ఓనర్లు ఒక పాఠం నేర్చుకున్నారు. ఆట ఆగితే టీవీ డబ్బు ఆగుతుంది. కాబట్టి ఈసారి ఆట ఆపలేదు. ఒక్క వారం మ్యాచ్‌లు రద్దు చేసి, ఆ గ్యాప్‌లో కొత్త మనుషుల్ని దింపారు. సెలెక్షన్‌లో తీసేసిన వాళ్ళు, ఆట మానేసి వేరే పనులు చేసుకుంటున్న వాళ్ళు, వీళ్ళకి అదే జెర్సీలు వేసి గ్రౌండులోకి పంపారు. లెక్కలో ఆ మ్యాచ్‌లు అసలు మ్యాచ్‌లే. జనం తిట్టుకున్నారు. ఫిలడెల్ఫియాలో లారీ డ్రైవర్ల యూనియన్ స్టేడియం బయట అడ్డం నిలబడితే లోపలికి వెళ్ళింది 4,074 మంది. అయినా టీవీలో మ్యాచ్ నడిచింది. నడిస్తే చాలు.

చాలా టీముల్లో సమ్మె లోపల్నుంచి పగిలింది. జో మోంటానా లాంటి పెద్ద స్టార్లే లైను దాటి లోపలికి వెళ్ళిపోయారు. వాషింగ్టన్ రెగ్యులర్ ప్లేయర్లలో మాత్రం ఒక్కడు కూడా దాటలేదు. ఒక్కడంటే ఒక్కడు. దాంతో వాషింగ్టన్ తరఫున ఆడింది మొత్తం కొత్తోళ్ళే. సెయింట్ లూయిస్ మీద 28-21, న్యూయార్క్ మీద 38-12, రెండూ గెలిచారు. మూడోది అక్టోబర్ 19, సోమవారం రాత్రి, డల్లాస్ ఊళ్ళో. సమ్మె అప్పటికే అయిపోయింది గానీ గడువు దాటి వచ్చారని రెగ్యులర్స్‌ని ఆ వారం ఆడనివ్వలేదు. డల్లాస్ టీంలో లైను దాటొచ్చిన ఒరిజినల్ స్టార్లు ఉన్నారు. వాషింగ్టన్‌కి మధ్యలో దిగిన క్వార్టర్‌బ్యాక్ టోనీ రాబిన్సన్, జైలు శిక్ష అనుభవిస్తూ పర్మిషన్ మీద బయటికొచ్చి ఆడుతున్నాడు. వాషింగ్టన్ 13-7తో గెలిచింది.

సినిమా కథలా ఉంది కదా? సినిమా తీశారు కూడా. 2000లో 'ది రీప్లేస్‌మెంట్స్' అని, మన జాన్ విక్ హీరో కియాను రీవ్స్‌తో. సినిమా మంచి హుషారుగా ఉంటుంది. కానీ సినిమా చూపించనిది తర్వాత జరిగింది.

మర్నాడు నుంచి రెగ్యులర్స్ తిరిగొచ్చారు, ఈ కొత్తోళ్ళలో దాదాపు అందరినీ ఇంటికి పంపేశారు. 15 మ్యాచ్‌లకి తగ్గిన ఆ సీజన్‌లో వాషింగ్టన్ 11 గెలిచింది. అందులో మూడు వీళ్ళవే. 1988 జనవరి 31న డెన్వర్ మీద 42-10తో మళ్ళీ సూపర్ బౌల్. సూపర్ బౌల్ గెలిచిన మొట్టమొదటి నల్లజాతి క్వార్టర్‌బ్యాక్‌గా డగ్ విలియమ్స్ చరిత్రలో నిలిచిపోయాడు. గెలిచిన వాళ్ళకి అక్కడ ఉంగరం ఇస్తారు. మూడు మ్యాచ్‌లు గెలిపించిన వాళ్ళకి ఉంగరం లేదు. పైగా సమ్మె విరగ్గొట్టినోళ్ళు అని ముద్ర. 30 ఏళ్ళు దాటాక, 2018లో పిలిచి ఉంగరాలు ఇచ్చారు.

వాళ్ళు ద్రోహులా, హీరోలా? ఈ ప్రశ్న నాకు పుస్తకాల్లోంచి రాలేదు. 2019 అక్టోబర్ 5న తెలంగాణలో ఆర్టీసీ సమ్మె మొదలైనప్పుడు నేను హైదరాబాద్‌లో కొత్తగా ఉద్యోగంలో చేరి ఉన్నా. సుమారు 48 వేల మంది కార్మికులు, 52 రోజులు. గవర్నమెంటు తాత్కాలిక డ్రైవర్లని, కండక్టర్లని పెట్టి బస్సులు నడిపింది. మా రూములో నలుగురం. ఒకడి నాన్న ఆర్టీసీ డ్రైవరు. జీతం లేదు, దసరా పోయింది, దీపావళి పోయింది. ఇంకొకడు బీటెక్ అయి రెండేళ్ళయినా ఉద్యోగం లేక రూము రెంటు కట్టలేకుండా ఉన్నాడు. వాడు రోజు కూలీకి తాత్కాలిక కండక్టర్‌గా వెళ్ళాడు. పొద్దున ఐదింటికి లేచి, లైటు వేయకుండా, చప్పుడు కాకుండా తయారయ్యేవాడు. మొదటివాడు మేలుకునే ఉండేవాడు. గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఇద్దరూ ఒక్క మాట అనుకోలేదు. ఒకే గిన్నెలో అన్నం తిన్నారు, 52 రోజులూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

ఆ ఇద్దరిలో ఎవరిది తప్పు అని నన్ను అడిగితే ఇప్పటికీ నేను చెప్పలేను. ఒక్కటి మాత్రం చెప్పగలను. ఆ గొడవ వాళ్ళిద్దరిదీ కాదు. పైన కూర్చుని తేల్చాల్సినోళ్ళు తేల్చకపోతే, కిందకొచ్చి ఒక రూములో ఇద్దరి మధ్య పడింది. ఆ సమ్మెలో కొందరు కార్మికులు ప్రాణాలు తీసుకున్నారు కూడా. నవంబర్ 25న సమ్మె విరమించారు, నెలాఖరుకి డ్యూటీల్లో చేరారు. తాత్కాలికంగా వచ్చినవాళ్ళు ఇంటికెళ్ళారు. వాళ్ళకి ఏ ఉంగరాలూ రాలేదు.

సరే, సమ్మెల వల్ల చివరికి ఏం వచ్చింది? ఇది ముఖ్యం. అమెరికాలో 1987 సమ్మె 24 రోజుల్లో ఓడిపోయింది. అడిగిన ఫ్రీడం రాలేదు. కానీ యూనియన్ అక్కడితో ఆగలేదు, కోర్టుకెళ్ళింది. ఏళ్ళ తరబడి కేసులు నడిచి, 1993లో టీం మారే హక్కు వచ్చింది. ఇవాళ ఆ లీగ్ ఆదాయంలో దాదాపు 48 శాతం ప్లేయర్ల వాటా అని అగ్రిమెంట్‌లోనే ఉంది. 1982లో అడిగితే నవ్విన వాటా అది. కాకపోతే ఆ 57 రోజులు జీతం పోగొట్టుకున్న వాళ్ళలో చాలామందికి అది అందే టైంకి ఆట అయిపోయింది. సమ్మెలో చెట్టు నాటేవాడు ఒకడు, కాయ తినేవాడు ఇంకొకడు.

వెస్టిండీస్ సంగతి? బ్రావోని, పొలార్డ్‌ని 2015 వరల్డ్ కప్ టీంలోకి తీసుకోలేదు. 23 ఏళ్ళ జేసన్ హోల్డర్‌ని వన్డే కెప్టెన్ చేశారు. బోర్డు గట్టిగా ఉన్నట్టు కనిపించింది గానీ టీం విరిగిపోయింది. మళ్ళీ 2016 ఏప్రిల్ 3న, అదే ఈడెన్ గార్డెన్స్‌లో, కార్లోస్ బ్రాత్‌వైట్ వరుసగా నాలుగు సిక్సులు కొట్టి టీ20 వరల్డ్ కప్ గెలిపించాడు. ఆ టీంలో బ్రావో ఉన్నాడు. కప్పు చేతిలో పెట్టుకుని కూడా కెప్టెన్ డారెన్ సామీ తమ బోర్డు మీద బాధ వెళ్ళగక్కాడు. ఇక మన హైదరాబాద్, వైజాగ్ బాకీ 2018 అక్టోబర్‌లో తీరింది. హైదరాబాద్ టెస్ట్‌లో ఉమేశ్ యాదవ్ పది వికెట్లు తీశాడు. వైజాగ్ వన్డే టై అయింది, కోహ్లీ పదివేల పరుగులు పూర్తి చేసింది ఆ మ్యాచ్‌లోనే.

ఇప్పుడు మొదట్లో పక్కన పెట్టిన మాటకి వద్దాం. కోట్లు సంపాదించేవాడికి సమ్మె ఎందుకు?

నేను ఇంతకుముందు ఒక కంపెనీలో చేసేవాణ్ణి, పేరు వద్దులే. ఒక శుక్రవారం సాయంత్రం మెయిల్ వచ్చింది. మీ జీతంలో ఇంత శాతం ఇకనుంచి వేరియబుల్, కంపెనీ రిజల్ట్స్‌ని బట్టి ఇస్తాం అని. మూడు లైన్లు, కింద 'రిగార్డ్స్'. మా ఫ్లోర్‌లో రెండు వందల మంది ఉన్నాం. అందరం క్యాంటీన్‌లో తిట్టుకున్నాం, సోమవారం వచ్చి లాగిన్ అయ్యాం. మా తరఫున అడగడానికి ఎవరూ లేరు, అడగొచ్చు అనే ఆలోచన కూడా ఎవరికీ లేదు. కోట్లు సంపాదించే ప్లేయర్‌కీ, వాటా మీద వేటకి పోయే మనిషికీ, ముప్పై వేల జీతం సాఫ్ట్‌వేర్ వాడికీ మధ్య చాలా తేడా ఉంది. కానీ "నన్ను అడక్కుండా నా లెక్క ఎలా మారుస్తావు" అనే ప్రశ్నకి జీతంతో పని లేదు. ఆ ప్రశ్న ముగ్గురిదీ.

ప్రతి సమ్మె న్యాయమైనదని నేను అనట్లేదు. వెస్టిండీస్‌లో ఆ 90 మంది కుర్రాళ్ళ వైపు నుంచి చూస్తే బ్రావో టీం స్వార్థంగానే కనిపిస్తుంది. నేను చెప్పేది రెండే. ఒకటి, మీ తరఫున ఎవరైనా సంతకం పెడుతుంటే, అది యూనియన్ కానీ, అసోసియేషన్ కానీ, ఊరి పెద్ద కానీ, ఏం రాసుందో సంతకానికి ముందు చదవండి. బోటెక్కాక కాదు, ఒడ్డునే. రెండు, సమ్మె జరిగేటప్పుడు గేటు దగ్గర నిలబడ్డవాణ్ణీ, గేటు దాటి లోపలికెళ్ళినవాణ్ణీ తిట్టే ముందు, ఆ గేటు అక్కడ పెట్టింది ఎవరో ఒకసారి చూడండి.

మీకొక ప్రశ్న. మీకు ఉద్యోగం లేదు. రేపు పొద్దున ఫోన్ వచ్చింది. సమ్మెలో ఉన్నవాళ్ళ ప్లేసులో మూడు వారాలు పని, మంచి డబ్బు. వెళ్తారా? నిజం చెప్పండి, గొప్పలకి వద్దు. మీ సమాధానం కింద రాయండి, అన్నీ నేనే చదువుతా. మీ ఇంట్లో ఎవరైనా సమ్మె చేసుంటే, ఆ రోజుల్లో ఇల్లు ఎలా గడిచిందో అమ్మని అడిగి రాయండి. నాన్నని కాదు, అమ్మని. ఆ లెక్కలు ఆమెకే తెలుస్తాయి.

వీడియో నచ్చితే ఒక లైక్ కొట్టండి, వాటాల గొడవ ఉన్న ఫ్రెండ్‌కి షేర్ చేయండి. మళ్ళీ వచ్చే వారం కలుద్దాం. ఉంటా మరి, బై.